మచ్చ లేని పలుగురాయి

మా వైపు పలుగురాయికి మర్యాద లేదు. దుక్కిలో నాగలికి తగిలితే ఒక తిట్టు తిట్టి గట్టు మీదకి విసిరేస్తారు. అరకలు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ తిట్టు ఇంకాస్త పెద్దదయింది, అంతే తేడా. అలాంటి రాయి మీద నా ఇంటి పొయ్యి వెలుగుతుందని చదువుకునే రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

నేను సెల్ టవర్లు బాగుచేసే పని చేస్తాను. ఇల్లు నరసరావుపేటలో. మా నాన్న మోటార్ల మెకానిక్కు, చిన్నాన్నలు వెల్డింగు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, చేతులకి గ్రీజు, అదీ మా కుటుంబం. వినుకొండ దాటి నూజెండ్ల వైపు కొండల అంచున ఉన్న టవర్లు నా వంతుకొచ్చాయి. ఎండాకాలంలో బండి మీద అటు తిరగడం ఎలా ఉంటుందో తిరిగినవాడికే తెలుసు.

టవరు అనగానే జనం పైకి చూస్తారు. అసలు సరుకు కింద ఉంటుంది. కింద ఇనప పెట్టె, పెట్టెలో కార్డులు, ఒక కార్డు మీద సగం అగ్గిపెట్టెంత డబ్బీ, ఆ డబ్బీలో చొక్కా బొత్తామంత పలుగు పలక, చేతి గడియారాల మీద క్వార్ట్జ్ అని రాసి ఉంటుందే, అదే. కరెంటు తగిలితే అది వణుకుతుంది. ఆ వణుకే టవరుకి గడియారం. చుట్టుపక్కల టవర్లన్నీ ఒకే తాళం మీద నడవాలి, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు వినాలో అన్నిటికీ ఒకే లెక్క ఉండాలి. సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు ముక్కలు తేడా పడినా ఒకదాని మాట మీద ఇంకొకటి అరిచి ఎవరి ఫోనూ పలకదు.

మామూలుగా ఆ తాళం ఉపగ్రహాల నుంచి వస్తుంది. దాన్ని అందుకోవడానికి పెట్టె పక్కన మనిషెత్తు కడ్డీ మీద తెల్లటి బుడిపె ఉంటుంది, అచ్చం పుట్టగొడుగులా. దానికి ఆకాశం కనపడుతూ ఉండాలి. కనపడకపోతే పెట్టెలోని పలుగు పలక ఒక్కటే తాళం మోయాలి. ఎంతసేపు నమ్మొచ్చో పెట్టెకి ఒక అంచనా ఉంటుంది. ఆ సమయం దాటిందా, పక్క టవర్లని చెడగొట్టకుండా తన నోరు తనే మూసుకుంటుంది. దాంతో ఊరు మూగబోతుంది.

మాకు శిక్షణలో పాఠం చెప్పినాయన పుణ్యమా అని ఈ పలుగు సంగతి నా బుర్రలో నాటుకుంది. మిగతావాళ్లు బల్లల మీద నిద్రపోయారు. గడియారానికి వాడే పలుగుని భూమిలోంచి తవ్వి నేరుగా కోయరట. శుభ్రమైన పలుగు ముక్కల్ని పెద్ద ఉక్కు కుండల్లో వేసి, వేడిలో, ఒత్తిడిలో కరిగించి, ఒక చిన్న విత్తనపు పలక మీద మళ్లీ పెంచుతారట. రాయిని నాటి రాయిని పండించడమన్నమాట. ఎంత జాగ్రత్త పడ్డా ఎక్కడో ఒక చోట సిలికాన్ కూర్చోవాల్సిన కుర్చీలో అల్యూమినియం కూర్చుంటుంది. మా వంటింటి సత్తు, అదే. అది ఊరికే రాదు, సోడియాన్నో లిథియాన్నో వెంటేసుకుని వస్తుంది. వాటికి కుదురు లేదు. వేడి తగిలితే చోటు మారతాయి, అవి మారితే వణుకు మారుతుంది. మంచి కంపెనీలు ఆ పలుగుని వేడి చేసి కరెంటు పెట్టి ఆ కుదురులేని వాటిని బయటికి ఊడుస్తాయి. ఆ ఊడ్చిన రాయిని బట్టే గడియారం నిలకడ. పైకి మాత్రం మంచిదీ చెడ్డదీ రెండూ నీళ్లలా ఒకేలా మెరుస్తాయి. కంటికి కనపడే శుభ్రం వేరు, అసలు శుభ్రం వేరు అని ఆయన అంటే అప్పుడు నేను నవ్వాను.

నూజెండ్ల వైపు కొండకింద ఒక ఊళ్లో నా టవరు ఒకటుంది. ఆ ఊరికి వేరే కంపెనీ సిగ్నలు అందదు. టవరు పెట్టిన జాగా ఒక ముసలి దంపతులది. కంచె తాళంచెవి వాళ్ల దగ్గరే. ఆమెని పెద్దమ్మా అని, ఆయన్ని పెదనాన్నా అని పిలిచేవాణ్ణి. ఆ ఊరి చర్చిలో ఆయన ఒకప్పుడు డోలక్ వాయించేవాడట. నేను చూసేనాటికి డోలక్ సంగతి దేవుడెరుగు, మంచం దిగి గడప దాకా వస్తే గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఊరి అవతల పలుగురాయిని పిండి కొట్టే మిల్లు ఒకటి ఉండేది. మూతికి తువ్వాలు కట్టుకుని ఆయన అందులో వయసంతా గడిపాడు. ఆ పిండి ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే గట్టిపడింది. మిల్లు మూతపడింది, ఆయన దగ్గు మూతపడలేదు. చివరికి ఆక్సిజన్ సిలిండరు మంచం పక్కనే ఉండాల్సి వచ్చింది.

పెద్దమ్మ కూడా ఆ రాతి పనే చేసింది. మిల్లు పక్కన టార్పాలిన్ నీడలో ఆడవాళ్లు వరసగా కూర్చుని చిన్న సుత్తులతో రాయి ఏరేవాళ్లు. పాలలాంటి తెల్ల రాయి ఒక కుప్ప, ఎర్ర మచ్చ ఉన్నది ఇంకో కుప్ప. మచ్చ అంచునే ఉంటే కొట్టి తీసేసి తెల్ల కుప్పలో వెయ్యాలి. ఆమె బొటనవేళ్ల గోళ్లు సగమే మొలిచేవి. మేస్త్రీ వీళ్లకి ఉత్సాహం కోసం కాబోలు, మన రాయి గడియారాల్లోకి పోతది, ఫోన్లలోకి పోతది అని చెప్పేవాడట. ఆ మాట ఆమెకి ఎంత గర్వమో. నేను పెట్టె తెరిచినప్పుడల్లా పక్కన నిలబడి, లోపల పలుగురాయి ఉంటదంట గదా, ఏదీ చూపించు అనేది. డబ్బీ చూపించి, నీ రాయే పెద్దమ్మా, నువ్వేరిందే ఇందులో పెట్టారు అని ఒకసారి వేళాకోళమాడాను. ఆమె చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పటినుంచి నేనొస్తే చాలు, నా రాయి బాగుందా అనేది ముందు, మంచినీళ్లు తర్వాత.

పెదనాన్నకి ఈ తాళం గొడవంతా విడమరిచి చెప్పాను. పాట మధ్యలో డోలక్ ఆగిపోయినా తాళం తప్పకుండా పాడేవాడు ఉంటాడే, మంచి పలుగు అలాంటిది అన్నాను. ఆయన ఊపిరి కూడగట్టుకుని, అట్టాంటోళ్లు మా చర్చిలో ఒక్కళ్లూ లేరు అబ్బాయ్ అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వు దగ్గులోకి పోయింది.

ఆ ఊరికి కోతుల బెడద. పంట మీద పడేవి పడగా, మిగిలినవి నా టవరు మీద పడేవి. ఒకసారి ఆ తెల్ల బుడిపెని పీకి వైరు కొరికేశాయి. పై ఆఫీసు వాళ్లు నన్నే నిలదీశారు, కోతుల్ని నేను పెంచుతున్నట్టు. ఆ ఫోను మాట్లాడినంతసేపూ పెద్దమ్మ పక్కనే ఉంది. నేను పళ్లు కొరుక్కోవడం చూసింది. ఏంది, ఎందుకు తిడతన్నారు నిన్ను అని అడిగితే, బుడిపె పోతే నాకు మాటొస్తుంది పెద్దమ్మా, ఇంకోసారి పోతే ఊరుకోరు అన్నాను. చిరాకులో అన్న మాట. అంతటితో మర్చిపోయాను.

ఆ తర్వాత వానాకాలంలో పిడుగు పడి గడియారం కార్డు కాలింది. పాత కార్డు గట్టిది. ఉపగ్రహం అందకపోయినా ఒక పగలూ రాత్రీ తాళం మోసేది. దాని బదులు పంపింది ఎక్కడో బాగుచేయించిన కార్డు. చూడ్డానికి అచ్చం అదే. పెట్టాక లెక్కలు చూస్తే వణుకులో నిలకడ లేదు, పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఎండకి ఒకలా ఉంది. దోషం రాయిదా, దాన్ని కోసినవాడిదా, దాన్ని వెచ్చగా ఉంచాల్సిన డబ్బీదా అంటే ఖురాను మీద ప్రమాణం చేసి చెప్పలేను. నా అనుమానం మాత్రం రాయి మీదే. ఊడ్వని రాయి. ఆ మాటే పైకి చెప్పాను. ఉపగ్రహం ఉండగా దానితో పనేముంది, నడుస్తోందిగా, నడవనీ అన్నారు. నడుస్తున్నంతసేపు ఈ దేశంలో ఎవరూ ఏదీ మార్చరు.

ఎండాకాలం వచ్చింది. ఆరోజు పొద్దున ఆ టవరుకి ఉపగ్రహం అందడం లేదని కబురొచ్చింది. వెళతానన్నాను. వద్దు, ముందు వినుకొండలో కరెంటు పోయిన టవరు చూడు, అక్కడ జనం ఎక్కువ, కొండకింద ఊరు ఆగుతుందిలే అన్నారు. పాత కార్డు రోజుల అలవాటు వాళ్లది. ఆ కార్డు మారిపోయిందని గుర్తు చేశాను. సాయంత్రం లోపు పో, చాలు అన్నారు. వినుకొండ పని ముగించుకుని, అన్నం కూడా తినకుండా బయల్దేరాను. దారిలో ఫోను చూసుకుంటే, ఆ టవరు ఎప్పుడో నోరు మూసుకుందని ఇంకో కబురు వచ్చి ఉంది.

ఊరు చేరేసరికి ఎండ చిటచిటలాడుతోంది. కంచె తలుపు తీసే ఉంది. పెద్దమ్మ వాళ్ల ఇంటి ముందు జనం కనపడ్డారు. ప్రార్థన కూటమేమో అనుకుని నేరుగా పెట్టె దగ్గరికి నడిచాను. కడ్డీ మీద తెల్ల బుడిపె కనపడలేదు. దాని మీద బోర్లించిన పెద్ద సత్తు గిన్నె ఉంది. గాలికి పడకుండా గిన్నె మీద బరువు కోసం ఒక పలుగురాయి పెట్టి, కడ్డీకి ప్లాస్టిక్ తాడుతో చుట్టి కట్టి ఉంది. కోతులు పీకకుండా, నాకు మాట రాకుండా. ఎవరు కట్టారో వేరే చెప్పక్కర్లేదు. ఆ గిన్నెలో పెద్దమ్మ బట్టలు నానబెట్టడం నేను చాలాసార్లు చూశాను.

నాకు ముందు నవ్వొచ్చింది. తాడు విప్పి, గిన్నె తీసి, బట్టలుతికే బండ దగ్గర పెట్టాను. బుడిపెకి ఆకాశం కనపడింది. కాసేపటికి ఉపగ్రహాలు ఒక్కొక్కటే అందాయి, తాళం కుదిరింది, టవరు నోరు తెరిచింది. వెంటనే ఆ ఇంటి ముందున్న జనం జేబుల్లో ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి టింగు టింగుమన్నాయి, అప్పటిదాకా ఆగిపోయిన కబుర్లన్నీ ఒక్కసారి వచ్చిపడుతూ. ఆ మోతల మధ్య ఏడుపు వినపడింది. అది ప్రార్థన కూటం కాదు.

తర్వాత జనం చెప్పగా తెలిసింది. మధ్యాహ్నం ముందే సిలిండరు అయిపోయింది. మామూలుగా అయితే పెద్దమ్మ ఫోను చేస్తే ఆటో అబ్బాయి వినుకొండ నుంచి ఇంకోటి తెస్తాడు, మరీ కష్టంగా ఉంటే నూట ఎనిమిది వస్తుంది. ఆ పూట ఫోను పలకలేదు. ఆమె ఫోను పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి నిలబడిందట, టవరుకి దగ్గరగా ఉంటే పలుకుతుందేమోనని. ఆ గిన్నె కిందనే నిలబడి నొక్కిందన్నమాట. పక్కింటాయన బండేసుకుని సిగ్నలు దొరికే దాకా రోడ్డెక్కాడు. అంబులెన్సు వచ్చింది. రావలసిన సమయానికి కాదు.

మట్టి చేసేటప్పుడు నేనూ వెళ్లి పిడికెడు మన్ను వేశాను. మా వాళ్లలోనూ వేస్తాం, అక్కడా వేశారు. పై ఆఫీసుకి బుడిపె సరిచేశాను అని మాత్రం చెప్పాను. గిన్నె సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. సత్తు రెండు చోట్ల అడ్డం కూర్చుంది, ఒకటి ఎవరి కంటికీ కనపడని పలుగులో, ఇంకోటి ఊరంతా చూసేలా కడ్డీ మీద. ఏ ఒక్కటి లేకపోయినా ఆయనకి ఆ పూట సిలిండరు వచ్చేది. మొదటిది పెట్టినవాడి మొహం నేను ఎప్పటికీ చూడను. రెండోది పెట్టినావిడ నా కోసం పెట్టింది.

కొన్నాళ్లకి వాళ్లింట్లో ఆదరణ కూడిక జరిగింది. ఇంటి ముందు షామియానా వేసి, తెల్ల గుడ్డ కప్పిన బల్ల మీద ఆయన ఫొటో పెట్టారు. పాటలు పాడారు, డోలక్ ఎవరో కొత్త మనిషి వాయించాడు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి, ప్రభువు ఏర్పాటు చేసిన గడియ అది, దాన్ని మనం ముందుకీ వెనక్కీ జరపలేం అన్నారు. ఆ తర్వాత చనిపోయినాయన గురించి తలా నాలుగు మాటలు చెప్పడం వాళ్ల పద్ధతి. ఇద్దరు ముగ్గురు చెప్పారు. పెద్దమ్మ లేచింది. ఆయన మంచితనం గురించి చెబుతుందని అందరం అనుకున్నాం.

“అయ్యగారు చెప్పింది నిజమే గావచ్చు. దేవుడు చేసిందైతే దేవుడితోనే మాట్టాడుకుంటా,” అంది. “మడిసి చేసిందైతే మాత్రం నాకు తెలవాల. ఆ పొద్దు ఫోను ఎందుకు పలకలా?”

ఒక్కొక్క తలకాయా నా వైపు తిరిగింది. టవరు నాది. ఆమె కూడా నన్నే చూసింది, కోపంగా కాదు, పేటలో చదువుకున్నవాడు కదా, వాడికి తెలుస్తుంది అన్నట్టు. బట్టలుతికే బండ నేను కూర్చున్న కుర్చీకి ఎదురుగానే ఉంది. ఆ సత్తు గిన్నె దాని మీద బోర్లించి ఉంది, ఆరోజు నేను పెట్టిన చోటే. కోతులు పీకి పడేశాయనుకుందో ఏమో, దాని గురించి ఆమె ఎవర్నీ అడగనే లేదు.

నేను లేచి నిలబడ్డాను. అంతమందిలో ఆ గిన్నె చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు అడిగినా రాదు.

“లోపలుండే రాయి మంచిది కాదు పెద్దమ్మా,” అన్నాను. “కల్తీ రాయి. ఎండకి ఆగలేకపోయింది.”

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. పేరులేని కంపెనీ మీద, ఊరులేని ఫ్యాక్టరీ మీద నేరం వేసేస్తే ఎవరికీ గాయం కాదనుకున్నాను. జనం తలలూపారు. సరుకు నాసిరకం అనే మాట మనవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఎవరో కంపెనీల్ని తిట్టారు, ఇంకెవరో మందులూ అంతే, విత్తనాలూ అంతే అన్నారు. పెద్దమ్మ కూర్చుంది. గండం గడిచిందనుకున్నాను.

భోజనాలు అయ్యాక ఆమె నన్ను కంచె దగ్గరికి పిలిచింది. కల్తీ అంటే ఎట్టాంటి కల్తీ, ఎర్ర మచ్చ రాయా అని అడిగింది. అలాంటిదే అన్నాను. ఏదో ఒకటి చెప్పి బయటపడాలని. ఆమె ఇనప పెట్టె వైపు తిరిగింది. ఏడవలేదు.

“అది మేం కలిపిందే అబ్బాయ్,” అంది.

లారీ వచ్చి నిలబడేదట. మేస్త్రీ కేకలేసేవాడట. మచ్చ కొట్టే ఓపిక లేనప్పుడు, పొద్దు వాలాక కళ్లు సరిగా ఆననప్పుడు, ఎర్ర రాయి గంప అడుగున వేసి పైన తెల్ల రాయి పేర్చేవాళ్లట. అందరూ చేసేదే. ఆమె కూడా చేసింది. అందులో తప్పుందని అప్పుడు ఎవరికీ తోచలేదు, రాయే కదా అనుకున్నారు.

కాదు పెద్దమ్మా, మీ రాయి అక్కడిదాకా పోదు, అది గాజుకి పోతుంది, టైల్సుకి పోతుంది, గడియారాలకి పోయే రాయిని వేరేచోట కుండల్లో పెంచుతారు అని గబగబా చెప్పుకుపోయాను. రాయిని పెంచుతారంటే ఆమె నమ్మలేదు. నమ్మినా, పెంచడానికి ముందు ఏ రాయి వేస్తారు అని అడిగింది. శుభ్రమైన పలుగు ముక్కలు వేస్తారు. అవి కూడా ఎక్కడో ఎవరో ఏరినవే, కాదనలేకపోయాను.

“నా రాయే ఇందులో ఉందని నువ్వే గదా అన్నావు,” అంది. “ఆయన ఊపిరిలో పడిందీ ఆ రాయే, ఫోను ఆపిందీ ఆ రాయే. రెండూ నా చేతి మీదగానే పోయినై.”

ఆ మాట అన్నాక చేతులు రెండూ తిప్పి చూసుకుంది. సగం సగం గోళ్లు. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. నిజం చెప్పాలంటే గిన్నె చూపించాలి. అది చూపిస్తే రాయి ముడి ఊడుతుంది, ఇంతకంటే పెద్ద ముడి పడుతుంది. ఎప్పుడో, ఎవరికో, గంప అడుగున వేసిన రాయి సంగతి వేరు. ఆ పొద్దున తన చేత్తో బోర్లించి, తాడు కట్టి, మధ్యాహ్నం ఫోను పట్టుకుని దాని కిందే నిలబడిన గిన్నె సంగతి వేరు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఇక్కడ రెండు గోతులూ ఆమెవే, తవ్వి పెట్టినవాణ్ణి నేను. అట్టా అనుకోబాక పెద్దమ్మా అన్నాను. ఆ మాట నాకే ఎంత తేలికగా వినపడిందో.

ఆయన పోయాక కొత్త కార్డు వచ్చింది, అడక్కుండానే. మంచిది. ఒకసారి పని మీద ఉపగ్రహం తీగ విప్పి ఉంచితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెక్కు చెదరకుండా తాళం మోసింది. అది చూస్తూ కూర్చుంటే నాకు ఆనందం కలగలేదు, ఒళ్లు మండింది. ఇది ముందే పంపి ఉంటే ఏం పోయేది అని ఎవర్ని అడగాలో తెలియలేదు. పాఠం చెప్పినాయన చెప్పాల్సిందంతా చెప్పాడు. ఊడ్వని రాయి ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి మీద పడుతుందని మాత్రం చెప్పలేదు.

ఆ ఊరికి ఇప్పటికీ వెళుతున్నాను. కోతులకి అందకుండా బుడిపెని పొడుగు కడ్డీ మీదకి మార్చాను, ఇనప ముళ్లు చుట్టాను. సత్తు గిన్నెలో పెద్దమ్మ బట్టలు నానబెట్టుకుంటూనే ఉంది. నేను రాగానే తాళంచెవి ఇస్తుంది. నా రాయి బాగుందా అని ఇప్పుడు అడగదు. రాయి మార్చారా అంటుంది. మార్చాం అంటాను. వెళ్లిన ప్రతిసారీ అదే.

మొన్న వెళ్లినప్పుడు, ఉండు అని లోపలికి పోయి, ఆయన పాత తువ్వాలు ముక్కలో చుట్టింది ఏదో తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పాను. కోడిగుడ్డంత పలుగురాయి. ఎన్నాళ్లు వెతికిందో, ఏ గట్టున దొరికిందో. సుత్తితో చుట్టూ చెక్కి చెక్కి మచ్చలన్నీ కొట్టేసింది. చెక్కిన చోట్ల రాయి తాజాగా తెల్లగా ఉంది. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

“ఈసారి చెడిపోతే దీన్ని పెట్టిచ్చు నాయనా,” అంది. “దీంట్లో మచ్చ లేదు. చూడు.”

ఎండకి పట్టి చూశాను. లోపల ఒక మూల వెంట్రుకంత సన్నంగా ఎర్ర గీత ఉంది. ఆమె రెండు కళ్లకీ పొర వచ్చి చాలా రోజులైంది. ఆ గీత ఆమెకి కనపడే అవకాశం లేదు.

“లేదు పెద్దమ్మా,” అన్నాను. “మచ్చ లేదు.”

రాయిని మళ్లీ తువ్వాలులో చుట్టి, పనిముట్ల సంచిలో అడుగున పెట్టుకున్నాను. అది ఇంకా అక్కడే ఉంది.